కార్పొరేటర్ లేని కార్పొరేషన్

శ్రీకాకుళం నగరవాసులు తమ వార్డుకు ప్రతినిధిని ఎన్నుకుని రెండు దశాబ్దాలైంది. పొరుగునే ఉన్న విజయనగరంలో 50 మంది కార్పొరేటర్లను ఎన్నుకున్నారు. ఉత్తరాంధ్ర పట్టణాల్లో కుళాయి, కాలువ, చెత్తబండి ఎవరి మాట వింటున్నాయో చెప్పే కథనమిది.

శ్రీకాకుళం పురపాలక సంఘానికి చివరిసారి ఎన్నికలు జరిగింది 2005 సెప్టెంబరులో. ఆ పాలకవర్గం గడువు 2010 సెప్టెంబరుతో తీరిపోయింది. 2015 డిసెంబరు 9న మున్సిపాలిటీ కాస్తా కార్పొరేషన్ అయింది. బోర్డు మారింది, హోదా పెరిగింది. కానీ ఆ కార్పొరేషన్‌లోకి 2025 పూర్తయ్యేనాటికి కూడా ఎన్నికైన కార్పొరేటర్ ఒక్కరూ అడుగుపెట్టలేదు. మేయర్ పదవి చట్టంలో ఉంది, ఊళ్లో లేదు.

ఈ లెక్కను ఇంకోలా చెప్పుకోవచ్చు. 1987 తర్వాత పుట్టిన శ్రీకాకుళం పౌరులెవరూ నగరపాలనకు ఓటు వేసి ఎరగరు. 2009, 2014, 2019, 2024లో అసెంబ్లీకి వేశారు, పార్లమెంటుకు వేశారు. వాళ్లలో చాలామంది పిల్లలిప్పుడు హైస్కూలు చదువుతుంటారు. తమ వీధి కాలువ ఎవరు తీయించాలో తేల్చే ఓటు మాత్రం వాళ్ల చేతికి ఒక్కసారీ రాలేదు.

ఈ మధ్యకాలంలో ముఖ్యమంత్రుల కుర్చీలో రోశయ్య, కిరణ్‌కుమార్ రెడ్డి, చంద్రబాబు నాయుడు, జగన్‌మోహన్ రెడ్డి, మళ్లీ చంద్రబాబు కూర్చున్నారు. శ్రీకాకుళం ఎమ్మెల్యేలుగా ధర్మాన ప్రసాదరావు, గుండ లక్ష్మీదేవి, తిరిగి ధర్మాన, 2024 నుంచి గొండు శంకర్ వచ్చారు. కాంగ్రెస్, తెలుగుదేశం, వైసీపీ, తెలుగుదేశం నేతృత్వంలోని కూటమి అందరి హయాంలోనూ ఈ ఒక్క విషయం కదల్లేదు. కాబట్టి తప్పును ఏదో ఒక పార్టీ ఖాతాలో రాసేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఎన్నికలు లేనంత మాత్రాన ఊరు ఆగిపోలేదు. పారిశుధ్య కార్మికులు తెల్లవారుజామునే రోడ్డెక్కుతున్నారు, నాగావళి నీళ్లు కుళాయిల్లోకి వస్తున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి. అసలు మార్పు తెరవెనుక జరిగింది. కౌన్సిల్ లేనిచోట దాని అధికారాలన్నీ ప్రత్యేకాధికారికి వెళ్తాయి. ఇక్కడ ప్రత్యేకాధికారి అంటే జిల్లా కలెక్టరే. బడ్జెట్‌ను, పనుల అంచనాలను, పన్నుల తీర్మానాలను కమిషనర్ సిద్ధం చేస్తే కలెక్టర్ సంతకం చేస్తారు. ప్రతిపాదించేదీ అధికారే, ఆమోదించేదీ అధికారే. మధ్యలో లేచి నిలబడి 'ఈ రోడ్డు ఎందుకు, ఆ వీధికి ఎందుకు లేదు' అని అడిగే మనిషి ఉండడు.

ఆ కలెక్టర్ మీద ఉన్న భారం తక్కువేమీ కాదు. 30 మండలాల జిల్లా. ధాన్యం కొనుగోళ్లు, వంశధార వరదలు, తుపాన్లు, కిడ్నీ జబ్బులు పీడించే ఉద్దానం ప్రాంతపు ఆసుపత్రులు అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. గుజరాతీపేటలో పూడిన కాలువ ఆ వరసలో ఎక్కడుంటుందో ఊహించడం కష్టం కాదు. పైగా కలెక్టర్లు బదిలీ అవుతారు. ఒకరు వేసిన ప్రణాళికను ఇంకొకరు కొనసాగించాలన్న నియమం లేదు, కొనసాగించకపోతే అడిగే సభ కూడా లేదు.

ఇప్పుడు కుళాయిలో మట్టినీళ్లు వస్తే దారి ఇదీ: ముందు వార్డు సచివాలయం, అక్కడ తేలకపోతే కార్పొరేషన్ ఆఫీసు, అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్. ఆ సోమవారం వేదిక పేరు కూడా ప్రభుత్వంతో పాటే మారుతూ వచ్చింది. మొదట 'మీకోసం', తర్వాత 'స్పందన', 2023లో 'జగనన్నకు చెబుదాం', 2024 నుంచి 'ప్రజా సమస్యల పరిష్కార వేదిక'. మందస నుంచి భూమి తగాదాతో వచ్చిన రైతు, పొందూరు నుంచి పింఛను కోసం వచ్చిన ముసలమ్మ, బలగ నుంచి మురుగు సమస్యతో వచ్చిన ఇల్లాలు అందరూ అర్జీ పట్టుకుని ఒకే వరసలో నిలబడతారు. జిల్లా యంత్రాంగం అంతటినీ కదిపితే తప్ప వీధి సమస్య తీరదన్నమాట.

కార్పొరేటర్ మహానుభావుడు కానక్కర్లేదు. అదే వార్డులో ఉంటాడు, పెళ్లిలోనో సంతలోనో ఎదురుపడతాడు, టీ దుకాణం ముందు నిలదీస్తే తప్పించుకోలేడు. ఐదేళ్లకోసారి అతన్ని ఓడించవచ్చు. పట్టణ సేవలకు ఈ చివరి సంగతే ప్రాణం.

విలీనం దగ్గర ఆగిన బండి

ఎన్నికలు ఎందుకు ఆగాయి? ఊరు పెరిగింది కాబట్టి. జాతీయ రహదారి వెంట పెద్దపాడు, చాపురం, పాత్రునివలస, కుశాలపురం, తోటపాలెం వైపు ఇళ్లు, అపార్టుమెంట్లు, కల్యాణమండపాలు వచ్చాయి. శివారు పంచాయతీలను నగరంలో కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది. గ్రామాల నుంచి అభ్యంతరాలు వచ్చాయి, వ్యవహారం కోర్టుకెక్కింది. 2014 మార్చి 30న రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు శ్రీకాకుళం ఆ జాబితాలో లేదు. 2021 మార్చి 10న జరిగినప్పుడూ లేదు. ఆ విడతలో అప్పటి శ్రీకాకుళం జిల్లాలో పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం, పాలకొండ ఓటేశాయి. జిల్లాకేంద్రంతో పాటు ఆమదాలవలస, రాజాం చూస్తూ ఉండిపోయాయి.

గ్రామాల భయానికి అర్థం ఉంది. పంచాయతీగా ఉన్నంతకాలం ఉపాధి హామీ పని దొరుకుతుంది, పట్టణంలో కలిస్తే ఆ పథకం వర్తించదు. ఇంటిపన్ను పెరుగుతుంది. ఊరందరికీ తెలిసిన సర్పంచ్ పదవి పోతుంది. అటువైపు నగరానికీ స్థలం కావాలి, పన్ను ఆదాయం కావాలి. రెండు వాదనలూ న్యాయమైనవే. వీటి మధ్య తీర్పు చెప్పాల్సింది రాజకీయ నాయకత్వం. అక్కడే ఇంకో చిక్కుంది. కుశాలపురం, తోటపాలెం ఎచ్చెర్ల మండలంలోవి, ఎచ్చెర్ల అసెంబ్లీ నియోజకవర్గానివి. గీత ఎటు జరిపినా ఇద్దరు ఎమ్మెల్యేల ఓట్ల లెక్కలు మారతాయి. తేల్చితే ఒకరికి కోపం, తేల్చకపోతే ఇద్దరికీ నష్టం లేదు. ఈ లెక్కలో నష్టపోయేది విలీనానికి, పంచాయతీకి నడుమ నిలిచిన మనిషి. ఊరు నగరంలో చేరితే సర్పంచ్ ఉండడు, నగరంలో ఎన్నిక జరగక కార్పొరేటరూ ఉండడు.

రాజ్యాంగం ఈ సాకుల్ని ఒప్పుకోదు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలక సంఘం కాలపరిమితిని ఐదేళ్లకు బిగించింది. గడువు తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తికావాలని 243-యు అధికరణ చెబుతోంది. 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో, అహ్మదాబాద్ నగరపాలక ఎన్నికల జాప్యం మీద విచారిస్తూ, సుప్రీంకోర్టు ఈ మాటే ఖరాఖండిగా చెప్పింది. వార్డుల పునర్విభజన పూర్తికాలేదని ఎన్నికలు వాయిదా వేయడం చెల్లదంది. ఆ తీర్పు వచ్చేనాటికి శ్రీకాకుళంలో ఎన్నికైన పాలకవర్గం ఉంది. నాలుగేళ్ల తర్వాత లేకుండా పోయింది.

ఈ గతి శ్రీకాకుళానికి ఒక్కదానికే పట్టలేదు. విశాఖలో 2012లో ముగిసిన పాలకవర్గం స్థానంలో కొత్తది రావడానికి 2021 దాకా పట్టింది. అక్కడా విలీనమే అడ్డు. అనకాపల్లినీ, 1861లోనే పురపాలక సంఘమైన భీమునిపట్నాన్నీ 2013లో మహానగరంలో కలిపారు. చెన్నైలో 2016 నుంచి 2022 వరకు కౌన్సిల్ లేదు, బెంగళూరులో 2020 సెప్టెంబరులో గడువు తీరినదానికి ఏళ్లు గడిచినా బదులు రాలేదు. 17 రాష్ట్రాల్లోని 2,625 పట్టణ స్థానిక సంస్థల్లో 1,600కు ఎన్నికైన కౌన్సిల్ లేదని కాగ్ ఆడిట్లు చూపించాయి. రాష్ట్ర ప్రభుత్వాలకు నగరం మీద పట్టు వదలడం ఎక్కడైనా ఇష్టం ఉండదు. శ్రీకాకుళం పొరపాటున మరిచిపోయిన ఊరు కాదు, దేశమంతటా ఉన్న ఆ అయిష్టానికి బాగా పాతబడిన ఉదాహరణ.

ఎన్నుకున్న విజయనగరంలో

మరి ఎన్నికలు జరిగినచోట సేవలు బాగుపడ్డాయా? విజయనగరం 1888లో మున్సిపాలిటీ అయింది, శ్రీకాకుళంతో పాటు కార్పొరేషన్ హోదా పొందింది. 2021 మార్చిలో అక్కడి 50 డివిజన్లలో వైసీపీ 48 గెలిచింది. తెలుగుదేశానికి ఒక్కటి, స్వతంత్రులకు ఒక్కటి. వెంపడాపు విజయలక్ష్మి మేయరయ్యారు. సభ ఉంది, చర్చకు చోటుంది. కానీ 48 మంది ఒకే వైపు కూర్చున్న సభలో అధికార పక్షాన్ని గట్టిగా ప్రశ్నించేవారెవరు? మూడేళ్లకు రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, తెలుగుదేశం తరఫున అదితి గజపతిరాజు ఎమ్మెల్యే అయ్యారు. నగర సభ ఒక పార్టీది, అసెంబ్లీ స్థానం ఇంకో పార్టీది. ఇలాంటప్పుడు నిధులు, పనులు ఎవరి ద్వారా రావాలన్న ప్రశ్న ప్రతి శంకుస్థాపన ఫలకం దగ్గరా తలెత్తుతుంది.

విశాఖలో ఆ ప్రశ్నకు జవాబు అంకెల్లో తేలింది. 2021లో 98 వార్డుల్లో 58 గెలిచి వైసీపీ మేయర్ పదవి దక్కించుకుంది. 2025 ఏప్రిల్ 19న అదే సభ 74 ఓట్లతో మేయర్ గొలగాని హరి వెంకటకుమారిపై అవిశ్వాసం నెగ్గించింది. ఆ నెలాఖరుకు తెలుగుదేశం నాయకుడు పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. ఓటర్లు మళ్లీ ఓటేయలేదు, సభ్యులే పక్షం మారారు. అమరావతిలో గాలి ఎటు వీస్తే నగరసభ అటు వాలితే, వార్డు మనిషి వేసిన ఓటుకు విలువ సగానికి పడిపోతుంది.

విజయనగరంలో ఈ పార్టీల రాజకీయం ఇళ్ల రూపంలో కంటికి కనిపిస్తుంది. పట్టణ పేదల కోసం 2014–19 మధ్య తెలుగుదేశం ప్రభుత్వం సారిపల్లి దగ్గర టిడ్కో అపార్టుమెంట్లు మొదలుపెట్టింది. తర్వాత వచ్చిన వైసీపీ ప్రభుత్వం విడి ఇళ్ల స్థలాల వైపు మళ్లింది. 2020 డిసెంబరు 30న ముఖ్యమంత్రి జగన్ విజయనగరం పొరుగునున్న గుంకలాంలో 397 ఎకరాల్లో 12,301 ప్లాట్ల లేఅవుట్‌ను ప్రారంభించి పట్టాలు పంచారు. రెండూ పేదవాడి గూడు కోసమే. కానీ ఏ ప్రభుత్వం వచ్చినా తనది కాని పథకం మీద శ్రద్ధ తగ్గింది. శ్రీకాకుళం పాత్రునివలసలోనూ టిడ్కో ఇళ్లు ఏళ్ల తరబడి లబ్ధిదారుల కోసం, లబ్ధిదారులు ఇళ్ల కోసం ఎదురుచూశారు. గోడలు లేచాక నీళ్ల పైపు, మురుగు కాలువ, రోడ్డు, దీపం వేయాలి. ఆ చివరి పనులు ఎన్నికల సభల్లో చెప్పుకోవడానికి పెద్దగా పనికిరావు, అందుకే అవే చివరికి మిగిలిపోతాయి.

పైనుంచి వచ్చే సేవ

నగరపాలన నుంచి రాష్ట్రం మెల్లమెల్లగా ఏమేం తనవైపు లాక్కుందో చూస్తే ఈ కథ ఇంకా స్పష్టమవుతుంది.

2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. ఆలోచన మంచిదే. సుమారు 4,000 జనాభాకు ఒక కార్యాలయం, అందులో పారిశుధ్యం, ప్రణాళిక, సంక్షేమం, ఆరోగ్యం చూసే కార్యదర్శులు. సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ చాలావరకు తగ్గింది. ఇది ఒప్పుకోవాల్సిన మేలు. అయితే ఆ ఉద్యోగులు, వారితో పాటు వచ్చిన వాలంటీర్లు పనిచేసింది రాష్ట్ర ప్రభుత్వ పథకాల లక్ష్యాల కోసం. జవాబు చెప్పాల్సిందీ పైకే. 2022లో 'గడప గడపకు మన ప్రభుత్వం' వచ్చినప్పుడు ఈ క్రమం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒక్కో సచివాలయ పరిధిలో పనులకు 20 లక్షల రూపాయల చొప్పున ప్రకటించారు. ఏ పనులన్నది ఎమ్మెల్యే ఇంటింటికీ తిరిగినప్పుడు తేలుతుంది. వార్డు కాలువ శాసనసభ్యుడి ఖాతాలో పడింది. కౌన్సిల్ ఉన్నచోట అది కౌన్సిల్‌ను పక్కకు నెట్టింది. శ్రీకాకుళంలో నెట్టడానికి కూడా ఎవరూ లేరు.

చెత్త విషయంలో రాజకీయం మరింత బాహాటంగా నడిచింది. 2021 అక్టోబరు 2న 'క్లీన్ ఆంధ్రప్రదేశ్' కింద కొత్త వాహనాలు వచ్చాయి, ఇంటింటా చెత్త సేకరణకు నెలవారీ రుసుము మొదలైంది. ప్రతిపక్షం దాన్ని 'చెత్త పన్ను' అంది, జనం నోట ఆ పేరే నిలిచింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో చంద్రబాబు దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. పేద ఇంటికి ఊరట దక్కింది, సంతోషం. కానీ బండికి డీజిలు, కార్మికుడికి జీతం ఎక్కడినుంచి రావాలన్నది నగరం తన సభలో కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క. పెట్టిందీ రాష్ట్రమే, తీసిందీ రాష్ట్రమే. 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమాన పనికి సమాన వేతనం కోరుతూ రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగినప్పుడు వీధుల్లో కుప్పలు పేరుకున్నాయి. చర్చలు జరిగింది మాత్రం మంత్రులతో. ఊరు ఊడ్చే మనిషి జీతం మీద ఆ ఊరికి మాటే లేదు.

ఇంటిపన్ను సంగతి ఇంకా లోతైనది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు షరతుల్లో ఆస్తిపన్ను సంస్కరణ ఒకటి. రాష్ట్రం 2020లో చట్టం మార్చి, అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను లెక్కించే పద్ధతి తెచ్చింది. నివాస భవనాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఏడాదికి పెరుగుదల 15 శాతానికి మించకుండా పరిమితి. విజయనగరంలో దీన్ని వ్యతిరేకించాలంటే కౌన్సిల్ ఉండేది, అక్కడ ఓడిపోయినా రికార్డులో మాట మిగిలేది. శ్రీకాకుళంలో పన్ను కట్టే మనిషికి ఆ మాట కూడా మిగల్లేదు.

అన్న క్యాంటీన్ల కథ అందరికీ తెలిసిందే. 2018 జులైలో 5 రూపాయల భోజనం మొదలైంది, 2019లో ప్రభుత్వం మారాక మూతపడింది, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఆసుపత్రి దగ్గర కాచుకున్న రోగి బంధువు, మార్కెట్ హమాలీ, రిక్షా మనిషి తాము తిన్నది ఏ పార్టీ అన్నమో ఎన్నడూ అడగలేదు. ఆకలిగొన్న వాళ్ల ముందునుంచి పళ్లెం తీసేయడం తప్పు. నగరం తన నిధులతో, తన నిర్ణయంతో నడిపే క్యాంటీన్ అయి ఉంటే, మూయాలన్నా స్థానికులకు జవాబు చెప్పి మూయాల్సి వచ్చేది.

రాజకీయం పట్టించుకుంటే పనులు జరగవని కాదు. ఉద్దానమే సాక్ష్యం. కిడ్నీ జబ్బుల బాధ ఏళ్లపాటు ఊళ్లలోనే మగ్గింది. పార్టీలు పోటీపడ్డాకే కదలిక వచ్చింది. తెలుగుదేశం హయాంలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, 2018 మేలో పవన్ కల్యాణ్ శ్రీకాకుళంలో నిరాహార దీక్ష చేశారు, 2023 డిసెంబరు 14న హిరమండలం జలాశయం నుంచి సుమారు 700 కోట్లతో నిర్మించిన తాగునీటి పథకాన్ని జగన్ ప్రారంభించారు. అలాగే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను విరుచుకుపడ్డాక ముఖ్యమంత్రి చంద్రబాబు పలాసలోనే మకాం వేసి సహాయచర్యలు నడిపించారు. పెద్ద కష్టానికి పెద్ద నాయకులు వస్తారు. శ్రీకాకుళం నడిబొడ్డున డే అండ్ నైట్ కూడలి దగ్గర వానకు రోడ్డు మునగడం, ఏడు రోడ్ల కూడలిలో ట్రాఫిక్ చిక్కుకోవడం, పాత పైపు పగలడం ఆ స్థాయి కష్టాలు కావు. వాటికి ముఖ్యమంత్రి రానక్కర్లేదు. వార్డు మనిషి చాలు. లేనిది ఆ మనిషే.

వీధి సేవ ఓటుతో ముడిపడితే ఏమవుతుందో షికాగో చూపింది. 1979 జనవరిలో ఆ నగరాన్ని మంచు కప్పేసింది. రోడ్ల మీది మంచును సకాలంలో తీయించలేకపోయిన మేయర్ మైకేల్ బిలాండిక్, మరుసటి నెలలోనే పార్టీ ప్రైమరీలో జేన్ బర్న్ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత అక్కడి మేయర్లెవరూ మంచును తేలిగ్గా తీసుకోలేదు.

'కార్పొరేటర్లుంటే కమీషన్లు, అధికారులే నయం' అన్న మాట శ్రీకాకుళంలోనూ వినిపిస్తుంది. అందులో చేదు అనుభవం ఉంది, కొట్టిపారేయలేం. కానీ కమీషన్ అడిగిన కార్పొరేటర్‌ను ఇంటికి పంపే దారి జనం చేతిలో ఉంది. కౌన్సిల్ లేకపోతే కాంట్రాక్టులు ఆగిపోవు. వాటిని ఎవరు ఇప్పిస్తున్నారో కనిపించకుండా పోతుందంతే.

జరగని మూడు ఎన్నికలు

డబ్బు విషయంలో మాత్రం ప్రభుత్వాలు ఎన్నికల విలువను బాగానే గుర్తిస్తాయి. సక్రమంగా ఏర్పడిన పంచాయతీలకు, మున్సిపాలిటీలకే గ్రాంటు ఇవ్వాలని 14వ ఆర్థిక సంఘం చెప్పింది. 2020 మార్చితో ఆ నిధుల గడువు ముగుస్తుందనే రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది స్థానిక ఎన్నికలకు తొందరపడింది. మార్చి 15న ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ కరోనా కారణంగా వాయిదా వేసినప్పుడు అంత పెద్ద వివాదం రేగింది అందుకే. అంత హడావుడిలోనూ శ్రీకాకుళం జాబితాకెక్కలేదు.

2021లో ఎన్నికైన పాలకవర్గాల ఐదేళ్లు 2026 మార్చి వరకే. ఆ తర్వాతి విడతలో శ్రీకాకుళం ఉండాలంటే విలీన గ్రామాల భవితవ్యాన్ని ప్రభుత్వం రాతపూర్వకంగా తేల్చాలి. కలపదలిస్తే ఆ ఊళ్లకు పన్ను పెంపు మీద కొన్నేళ్ల ఊరట, ఉపాధికి ప్రత్యామ్నాయం, కాలువలు-రోడ్లకు గడువుతో కూడిన హామీ ఇవ్వాలి. కలపకపోతే పాత హద్దులతోనే డివిజన్లు గీసి, ఓటర్ల జాబితా, రిజర్వేషన్లు ప్రకటించాలి. రెండింటిలో ఏదైనా కొన్ని నెలల పని. పదిహేనేళ్లు పట్టాల్సింది కాదు.

2010, 2015, 2020. శ్రీకాకుళం నగరంలో జరగాల్సి ఉండి జరగని ఎన్నికలివి. ఆంధ్రప్రదేశ్ పట్టణ సంస్థల్లో ఇప్పుడు సగం స్థానాలు మహిళలవి. విజయనగరంలోనూ విశాఖలోనూ 2021లో మేయర్ పీఠమెక్కింది మహిళలే. కుళాయి ఎప్పుడొస్తుందో, చెత్తబండి ఏ రోజు రాలేదో, ఏ మలుపులో దీపం లేదో శ్రీకాకుళంలో అందరికన్నా బాగా తెలిసిన ఆడవాళ్లు ఈ మూడు విడతల్లో కౌన్సిల్ హాలు లోపలికి రావాల్సింది. బలగలో, గుజరాతీపేటలో, అరసవల్లిలో వాళ్లు ఇవాళ్టికీ అర్జీలే రాస్తున్నారు.